స్పార్టన్లు చావరట, ఫైల్లో

మా పిన్ని కొడుక్కి హాలో వీడియో గేములంటే ప్రాణం. అందులో గ్రహాంతర జీవులతో పోరాడటానికి ప్రత్యేకంగా తయారుచేసిన సైనికుల్ని స్పార్టన్లంటారు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వేసుకున్న టీషర్టు మీద కూడా వాళ్లలో హీరో అయిన మాస్టర్ చీఫ్ బొమ్మే, దాని కింద స్పార్టన్లకు చావు లేదన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి. ఇదేంట్రా అని అడిగితే సంబరంగా చెప్పాడు. "స్పార్టన్ ఎవడు పోయినా రికార్డుల్లో చనిపోయాడని రాయరన్నా. గల్లంతయ్యాడనే రాస్తారు. రూలే అది." ఆ చెప్పడంలో గర్వం ఉంది, ఏదో మా ఇంటి ఆనవాయితీ గురించి చెబుతున్నట్టు.

ఆ గేములు నేనూ ఆడాను. ఆ రూలు వింటే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ నాది బ్యాంకు ఉద్యోగం. గల్లంతైనవాళ్ల కాగితాలు నా టేబుల్ మీదికి వస్తుంటాయి. అందుకేనేమో, వాడికి వీరగాథలా వినిపించింది నాకు ఫైలు మూసేసే పద్ధతిలా వినిపించింది. ఆ రోజు వాదన గారెల దగ్గర మొదలై రాత్రి భోజనాల దాకా సాగింది. ఎవరూ నెగ్గలేదు. ఆరోజు సరిగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ఒక్కటే. ఆ కథలో మనిషి జాతి చేసిన ఘోరాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్క వాక్యపు ఆదేశాన్ని మాత్రం ఎవరూ ఘోరం అనరు, పైగా టీషర్టుల మీద వేసుకుంటారు. నా దృష్టిలో అదీ ఘోరమే.

రూలు రాసిందెవరు?

తెలిసినవాళ్లకు కథంతా మళ్లీ చెప్పను. ఆ రూలు ఎలా పుట్టిందో మాత్రం గుర్తుచేసుకుందాం. మనిషి జాతి మీదికొచ్చిన గ్రహాంతర జాతుల కూటమి పేరు కావెనెంట్. కావెనెంట్‌తో యుద్ధం 2525లో మొదలైంది. అప్పటినుంచి ఇరవై ఏళ్లు దాటేదాకా స్పార్టన్లంటూ ఉన్నారని జనానికి తెలియదు. గ్రహాలు ఒక్కోటీ చేజారిపోతూ జనం ఆశ వదిలేసుకుంటున్న రోజుల్లో, 2547లో, నౌకాదళ గూఢచారి విభాగం ఓఎన్ఐ ఆ రహస్యాన్ని తనే బయటపెట్టింది. మన దగ్గర ఇలాంటి యోధులున్నారు, భయపడకండి అని. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒకసారి అలా చెప్పాక ఆ యోధులు చనిపోతుంటే ఏం చేయాలి? అక్కడ పుట్టింది డైరెక్టివ్ 930. స్పార్టన్ చనిపోతే జాబితాలో గాయపడ్డాడనో, గల్లంతయ్యాడనో ఉండాలి. మరణం అన్న మాట కనిపించకూడదు.

ఈ ఆదేశం ఓఎన్ఐలో సెక్షన్ టూది. ప్రచారం, సమాచారం చూసుకునే శాఖ అది. యుద్ధరంగంలో శవాలు మోసినవాళ్లు రాసిన రూలు కాదు. పక్కవాడు పోయినా ఇంకా మనతోనే ఉన్నాడని చెప్పుకునే జవాన్ల ఆచారం ఎక్కడైనా ఉంటుంది, దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? ఇది అలాంటిది కాదు. ప్రెస్ నోట్ రాసేవాళ్ల పని ఇది. అభిమానులు ఈ రెంటినీ కలిపేసుకుంటారు.

శామ్ అనే స్పార్టన్ సంగతే చూడండి. యుద్ధం మొదలైన ఏడాదే, చై సెటై అనే నక్షత్రం దగ్గర, శత్రువు ఓడలోపల అతని కవచానికి రంధ్రం పడింది. శూన్యంలోకి దూకి బయటపడే దారి లేదు. వార్‌హెడ్లు పేలేదాకా కాపలా ఉంటానని అక్కడే ఉండిపోయాడు. తోటి స్పార్టన్లు జాన్ (మాస్టర్ చీఫ్ అసలు పేరు అదే), కెల్లీ అతణ్ని అక్కడ వదిలి వచ్చారు. వచ్చాక ఓడ పేలడం చూశారు. ఆ ఇద్దరికీ శామ్ గల్లంతైనవాడు కాడు, చనిపోయిన స్నేహితుడు. వాళ్ల దుఃఖానికి కాగితంతో పనేమీ లేదు.

గల్లంతు అని రాస్తే ఒక అప్పు మిగులుతుంది

మనిషి గల్లంతయ్యాడని ప్రభుత్వం రాసిందంటే అందులో రెండు మాటలున్నాయి. ఏమయ్యాడో మాకు తెలియదు అన్నది ఒకటి. కాబట్టి వెతుకుతాం అన్నది రెండోది. ఆ రెండో మాట లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

అమెరికా నేవీ పైలట్ మైఖేల్ స్కాట్ స్పైకర్ కథ దీనికి మంచి ఉదాహరణ. గల్ఫ్ యుద్ధం మొదటి రాత్రి, 1991 జనవరి 17న, అతని ఎఫ్/ఎ-18 ఇరాక్ ఎడారిలో కూలింది. తొందరపడి చనిపోయాడని ప్రకటించారు, ఫైలు మూశారు. తర్వాతి ఏళ్లలో కూలిన విమానం దొరికింది, అనుమానాలు పెరిగాయి. 2001 జనవరిలో అతని పేరు పక్కన ఉన్నదాన్ని మరణం నుంచి గల్లంతుకు మార్చారు. మరుసటి ఏడాది శత్రువు చేతికి చిక్కి ఉండొచ్చని మరోసారి మార్చారు. మనిషి లేకుండానే ప్రమోషన్లు వచ్చాయి. కూలిన రోజు లెఫ్టినెంట్ కమాండర్, చివరికి కెప్టెన్. ఇరాక్ మీద రెండో యుద్ధం వచ్చాక వెతకడానికి మనుషులు వెళ్లారు. 2009లో అన్బార్ ఎడారిలో అవశేషాలు దొరికాయి. 1991లోనే అక్కడి సంచారజాతి వాళ్లు పాతిపెట్టారట.

అంటే మొదట రాసిందే నిజం. మరి మధ్యలో మార్చడం వృథాయేనా? నేను అనుకోను. ఆ మాట మారినందుకే వెతకాల్సి వచ్చింది, వెతికారు కాబట్టే ఆ ఇంటికి ఒక జవాబు దొరికింది. గల్లంతు అనే మాట పని చేసింది.

డైరెక్టివ్ 930 ఆ మాటను వాడుకుంటుంది, దాని వెనకున్న పనిని వదిలేస్తుంది. చనిపోయాడని తెలిసినవాడి కోసం ఎవరూ ఓడ పంపరు. పేరు ఎదురుగా మాత్రం గల్లంతు అనే ఉంటుంది. తీర్చే ఉద్దేశం లేకుండా రాసిన ప్రామిసరీ నోటు లాంటిది. నా ఉద్యోగంలో ఇలాంటి నోట్లు చాలానే చూశాను.

ఇంకో నష్టం కూడా ఉంది. అందరి పేర్ల పక్కనా అదే మాట రాస్తే, నిజంగా ఆచూకీ తెలియనివాణ్ని గుర్తుపట్టేదెలా? కర్ట్ అనే స్పార్టన్ సంగతి ఉందిగా. 2531లో అంతరిక్షంలో అతని థ్రస్టర్ ప్యాక్ పాడైనట్టు నాటకమాడి, గల్లంతైనట్టు రాసి, తీసుకుపోయి ఇంకో రహస్య దళానికి శిక్షకుణ్ని చేశారు. కూడా పెరిగినవాళ్లు పోయాడనే అనుకున్నారు. బతికున్నవాడిదీ చనిపోయినవాడిదీ ఒకే మాట. అది దాచిపెట్టడానికి ఎంత వీలుగా ఉందో వెతకడానికి అంత అడ్డం.

కర్మ ఎవరికి చేశారు?

మా వాడు ఇక్కడే అడ్డొచ్చాడు. "ఎవరికి నష్టం అన్నా? స్పార్టన్లకు ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్లెవరూ లేరుగా." ఆ క్షణంలో నాకు జవాబు తోచలేదు. తర్వాత ఆలోచిస్తే, ఈ కథలో అన్నిటికన్నా కలవరపెట్టే విషయం అక్కడే ఉందని తెలిసింది.

ఎందుకు లేరు? 2517లో, స్పార్టన్లను తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ హాల్సీ ఆరేళ్ల పిల్లల్ని 75 మందిని ఇళ్లనుంచి ఎత్తుకొచ్చింది. తల్లిదండ్రులకు అనుమానం రాకుండా వాళ్ల స్థానంలో క్లోన్లను పెట్టింది. హడావుడిగా పెంచిన శరీరాలు కదా, జబ్బు పడ్డాయి, పోయాయి. ఆ తల్లులు తమ బిడ్డే పోయాడనుకుని ఏడ్చారు, పాతిపెట్టుకున్నారు. పద్నాలుగేళ్ల వయసులో చేసిన ఆపరేషన్లలో ఆ 75 మందిలో 30 మంది చనిపోయారు, 12 మంది పనికిరాకుండా పోయారు. యుద్ధానికి మిగిలింది 33 మంది.

ఒక్కసారి లెక్క చూడండి. ఆ ఇళ్లల్లో కర్మ జరిగింది, బిడ్డ బతికుండగా. బిడ్డ నిజంగా చనిపోయినప్పుడు ఎక్కడా కర్మ జరగలేదు, ఎందుకంటే కాగితం ప్రకారం ఎవరూ చనిపోలేదు. మొదటి అబద్ధం తల్లిదండ్రులకు, రెండో అబద్ధం లోకానికి. రెండు అబద్ధాలకూ మధ్య ఆ మనిషికి చావన్నదే లేకుండా పోయింది.

భారతంలో లక్క ఇల్లు కాలిపోయాక ధృతరాష్ట్రుడు పాండవులకు తర్పణాలు వదులుతాడు. విదురుడికి అసలు సంగతి తెలుసు, పైకి చెప్పలేడు. చిన్నప్పుడు ఈ ఘట్టం విన్నప్పుడు నాకు ధృతరాష్ట్రుడి మీదే కోపం వచ్చేది. ఇప్పుడు విదురుడి గురించి ఆలోచిస్తున్నాను. అందరూ నీళ్లు వదులుతుంటే పక్కన నిలబడి చూస్తున్నవాడికి ఎలా ఉండి ఉంటుంది? అతను ఆ అబద్ధాన్ని మోసింది బతికున్నవాళ్లను కాపాడటానికి. పాండవులు మళ్లీ బయటికి రాగానే ఆ అబద్ధానికి పని అయిపోయింది. ఓఎన్ఐ అబద్ధానికి అలాంటి గడువే పెట్టలేదు.

శవం దొరక్కపోతే ఏం చేయాలన్నది మన పెద్దవాళ్లకూ ఎదురైన ప్రశ్నే. పన్నెండేళ్లు చూసి, దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం చేసి కర్మ జరిపించే పద్ధతి ఒకటుంది. చట్టమైతే ఏడేళ్లంటుంది. ఏడేళ్లపాటు, బతికుంటే కబురు తెలియాల్సినవాళ్లెవరికీ కబురు లేకపోతే, చనిపోయినట్టు భావించవచ్చు. సాక్ష్యాధారాల చట్టం పేరు మారినా ఆ ఏడేళ్ల లెక్క మారలేదు. పన్నెండో, ఏడో, అంకె ఏదైనా కానివ్వండి. ఎదురుచూపుకు ఒక చివర ఉండాలని రెండూ ఒప్పుకుంటున్నాయి.

మరి జనం ధైర్యం మాటేమిటి?

ఎదుటి వాదనలో బలం ఉంది. అది మామూలు సరిహద్దు గొడవ కాదు, మనిషి జాతి మిగులుతుందా లేదా అన్న యుద్ధం. కావెనెంట్ రాయబారానికి వచ్చినవాళ్లు కాదు, గ్రహాలను గాజులా కరిగించేస్తున్నారు. జనంలో ఆశ పోతే తుపాకీ పట్టేవాడుండడు, ఓడలు కట్టేవాడుండడు. అలాంటప్పుడు ముప్ఫై మంది పేర్ల పక్కన ఒక మాట మార్చడం అంత పెద్ద పాపమా?

అశ్వత్థామ సంగతి తెలిసిందే. ఆ ఒక్క మాటతో ద్రోణుడు అస్త్రాలు కింద పెట్టాడు. యుద్ధంలో చావు వార్త ఎంత పని చేస్తుందో దానికి మించిన ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. ఓఎన్ఐ చేసింది దానికి తిరగేసిన పని. అక్కడ బతికున్నవాడు చచ్చాడన్నారు, శత్రువు గుండె పగిలింది. ఇక్కడ చచ్చినవాడు చావలేదన్నారు, మనవాళ్ల గుండె నిలబడింది. ధర్మరాజు అబద్ధాన్ని కృష్ణుడంతటివాడు చెప్పించాడు. యుద్ధం గెలవడానికి అవసరమయ్యిందని సరిపెట్టుకుంటాం. అయినా వ్యాసుడు ఊరుకోలేదు. నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకు దిగిపోయిందని రాశాడు. అవసరానికి ఆడిన అబద్ధమైనా దాని ఖర్చు దానికి ఉంటుందని చూపించాడు. హాలోలో ఆ రథం ఎక్కడా దిగదు. అదే నా ఫిర్యాదు.

పైగా ఆ అబద్ధం నిజంగా పని చేసి ఉంటుందా అన్నది నాకు అనుమానమే. గల్లంతు, గల్లంతు, గల్లంతు అని వరసగా పడుతున్న పేర్లను చూసిన మామూలు మెరీన్‌కు సంగతి తెలియకుండా ఉంటుందా? బ్యాంకులో ఒకే ఊరినుంచి ఒకే చేతిరాతతో పది దరఖాస్తులొస్తే మా అటెండరుకే అర్థమైపోతుంది. సైన్యంలో వాళ్లకు అర్థం కాదా? జనం నమ్మి ఉండరు. నమ్మినట్టు నటించడానికి ఒప్పుకుని ఉంటారు. ఈ రెండోదానికి ప్రచార శాఖ అవసరం లేదు.

వ్యాపారం సంగతీ ఉంది. చనిపోయిన వీరుడితో తర్వాతి గేము తీయలేరు, గల్లంతైనవాడితో తీయొచ్చు. లిండా అనే స్పార్టన్ విషయంలో ఇది నడిచింది కూడా. 2552లో ఆమె గుండె ఆగిపోయింది. శరీరాన్ని శీతల పెట్టెలో దాచి, తర్వాత కొత్త అవయవాలు పెట్టి బతికించారు. మా వాడు ఇది చూపించి "చూశావా, గల్లంతు అనడమే రైటు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. లిండా ఎక్కడికీ పోలేదు, పెట్టెలో కళ్లెదుటే ఉంది. ఆమెను బతికించింది డాక్టరు చేతులు, రికార్డులోని మాట కాదు.

విమానం, మంచు, జైలు

ఇంతవరకూ చావును చావని రాయాలి అని వాదించాను. కానీ ఆ పని తొందరగా చేస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. అందుకే ఈ వాదన నాకు అంత నున్నగా సాగదు.

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. లోపల 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖలోని నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, యూనిఫారం లేనివాళ్లు. ఓడలు, విమానాలు వారాలపాటు వెతికాయి. ఒక్క ముక్క కూడా తేలలేదు. సెప్టెంబరులోనే 29 మందీ చనిపోయినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు. ఏడేళ్లు ఆగలేదు. ఆగకపోవడంలో దయ కూడా ఉంది. ఆ కాగితం లేకపోతే పెన్షను రాదు, బీమా రాదు, పిల్లల ఫీజు కట్టే దారి ఉండదు. కానీ సముద్రంలో ఏమీ దొరక్కముందే చనిపోయారంటే నమ్మేదెలా? 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమానం శకలాలు కనబడ్డాయి. ఏడున్నరేళ్లు పట్టింది. ఇక్కడ ప్రభుత్వం రాసిన మాట నిజమే, కానీ సాక్ష్యం దొరికేదాకా అది ఊహే.

దీనికి తిరగబడినదీ ఉంది. 2016 ఫిబ్రవరిలోనే సియాచిన్‌లో మంచు కొండ విరిగిపడి పదిమంది జవాన్లు కప్పబడిపోయారు. అప్పటి కర్నూలు జిల్లా జవాను ఒకరు ఆ పదిమందిలో ఉన్నారు. ఇక ఆశ లేదన్నారు, సంతాపాలు కూడా అయిపోయాయి. అయినా తవ్వడం ఆపలేదు. ఆరో రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికాడు. ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో కన్నుమూశాడు, అది వేరే బాధ. తవ్వుతున్నవాళ్లు సంతాప ప్రకటనను నమ్మి పలుగులు కింద పడేసి ఉంటే?

1971 యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన మనవాళ్ల సంగతి ఇంకా కష్టమైనది. 54 మంది అన్న జాబితా ఎప్పటినుంచో ఉంది. వాళ్లలో మేజర్ అశోక్ సూరిని మొదట యుద్ధంలో చనిపోయినట్టే రాశారు. తర్వాత కరాచీ నుంచి తండ్రికి అతని చేతిరాతతో చీటీలు వచ్చాయి. రక్షణ శాఖ రికార్డును మరణం నుంచి గల్లంతుకు మార్చింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎంత సంబరం జరిగి ఉంటుందో ఊహించగలను. తర్వాతి ముప్ఫై ఏళ్లు ఎలా గడిచి ఉంటాయో ఊహించలేను. 2007లో కొన్ని కుటుంబాల నుంచి 14 మంది పాకిస్తాన్ జైళ్లు చూసి వచ్చారు. ఎవరూ దొరకలేదు. ఇక్కడ గల్లంతు అన్న మాట నిజాయితీగానే రాశారు. అయినా అది తరాల తరబడి కుటుంబాల్ని గుమ్మంలో నిలబెట్టింది. నిజాయితీగా రాసినదే ఇంత చేస్తే, కావాలని రాసినది ఇంకెంత చేయాలి?

నా టేబుల్ దగ్గరి సంగతి ఒకటి. సముద్రపు ఒడ్డున ఉన్న బ్రాంచిలో పనిచేస్తున్నప్పుడు ఒకామె వచ్చింది. భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. బోటు ముక్కలు కొన్ని దొరికాయట, మనుషులు దొరకలేదు. పోలీసులిచ్చిన ఆచూకీ లేదన్న కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చింది. కవరు మడతల దగ్గర చిరిగి, మళ్లీ టేపు వేసి ఉంది. ఆయన ఖాతాలో ఉన్న కాస్త డబ్బు కోసం దరఖాస్తు నింపుతున్నాం. పేరు ముందు 'లేట్' అని రాయబోయాడు మా క్లర్కు. అలవాటుగా రాసేదే. ఆమె చెయ్యి కౌంటరు మీదికి వచ్చేసింది. "అది రాయకండి బాబూ."

కానీ డబ్బు కావాలి. అది రాయకపోతే డబ్బు రాదు. మా దరఖాస్తులో మరణించిన ఖాతాదారు అన్న గడి ఉంది, తెలియని ఖాతాదారు అన్న గడి లేదు. క్లర్కు పెన్ను పక్కన పెట్టాడు, నా వైపు చూశాడు. కోర్టు కాగితం తెచ్చుకోమ్మా అన్నాను, నేను చెప్పగలిగింది అంతే. ఆమె కోపగించుకోలేదు. కవరు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. మళ్లీ ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, నాకు బదిలీ అయిపోయింది.

మా వాడితో వాదిస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆవిడే. ఆమెకు గల్లంతు అన్న మాట బరువైనది. దానికోసం డబ్బు వదులుకోవడానికి కూడా సిద్ధపడింది. అదే మాటను ఒక ప్రచార శాఖ ఉత్తినే పంచిపెట్టడం చూస్తే నాకు మండుతుంది. కల్పిత కథేగా అంటారా? కల్పిత కథలో రాజ్యం ఏం చేస్తే మనం చప్పట్లు కొడతామో చూసుకోవడానికి కల్పిత కథ మంచి చోటు.

అభిమానులు చూడని ఆరొందల మంది

ఈ రూలు గౌరవం కోసమని ఇంకా నమ్మేవాళ్లకు స్పార్టన్-త్రీల సంగతి చెప్పాలి. కర్ట్‌ను మాయం చేసింది వాళ్లకు నేర్పడానికే. యుద్ధంలో ఇల్లూ అమ్మానాన్నలూ పోయిన అనాథ పిల్లలు. ఆల్ఫా కంపెనీలో 300 మంది, 2537లో ఒకే ఆపరేషన్లో అందరూ పోయారు. బీటా కంపెనీలో 300 మంది, 2545లో పంపితే ప్రాణాలతో వచ్చింది ఇద్దరు. వాళ్లు ఉన్నట్టే జనానికి తెలియదు. కాబట్టి వాళ్ల చావుకు ముసుగు వేయాల్సిన పనే పడలేదు.

రూలు వెనక ఉన్నది చనిపోయినవాడి మీద గౌరవమే అయితే ఆ పిల్లలకూ ఒక కథ కట్టేవారు. కట్టలేదు, ఎందుకంటే ప్రేక్షకులు లేరు. ప్రేక్షకులున్న చోట చావు ఉండకూడదు, లేని చోట ఎంతమంది పోయినా ఫరవాలేదు. డైరెక్టివ్ 930ని తిరగేసి చదివితే ఇదే కనబడుతుంది. రీచ్ గేములో నోబుల్ సిక్స్ ఈ స్పార్టన్-త్రీల్లోనివాడే. చివరి ఘట్టంలో గేము మనకిచ్చే పని ఒక్కటే, బతకడం. ఎంత బాగా ఆడినా అది కుదరదు. తర్వాత నేల మీద హెల్మెట్ కనిపిస్తుంది. హాలో అంతటిలో చావును చావుగా చూపించిన చోట్లలో నాకు నచ్చింది అదే. అక్కడ ఏ శాఖా అడ్డురాలేదు.

యుద్ధం అయిపోయాక

2553 మార్చి 3న, కెన్యాలోని వాయ్ దగ్గర గుట్ట మీద స్మారకం. నౌకాదళ అధిపతి లార్డ్ హుడ్ మాట్లాడతాడు, కావెనెంట్‌ను వదిలి మనవైపు వచ్చిన ఆర్బిటర్ వస్తాడు. చనిపోయినవాళ్ల ఫొటోలు, గుర్తులు. వాటి మధ్య లోహం మీద ఎవరో గీకిన అంకె: 117. మాస్టర్ చీఫ్ నంబరు అది. ఏ కమిటీ ఆమోదంతోనూ చెక్కినది కాదని చూడగానే తెలుస్తుంది. రూలు ప్రకారమైతే ఆ అంకె చనిపోయినవాళ్ల మధ్య ఉండకూడదు. ఎవరో రూలును పక్కన పెట్టి తమవాడు పోయాడని రాసుకున్నారు. తమాషా ఏమిటంటే, అతను నిజంగా బతికే ఉన్నాడు. రూలు ఎన్నడూ నిజం చెప్పలేదు, ఒక్కసారి నిజం చెబుదామని చేసిన ప్రయత్నం తప్పయింది.

దీన్ని చూపించి మా వాడు గెలిచానన్నాడు. నాకైతే అక్కడే నా వాదన బలపడింది. ఆ రోజుకి యుద్ధం అయిపోయింది. జనం ధైర్యం అన్న సాకు కూడా అయిపోయింది. రికార్డులు సరిదిద్దడానికి అంతకన్నా మంచి రోజు లేదు. ఎవరు ఎక్కడ ఎలా పోయారో ఆ చూసినవాళ్ల చేత రాయించాలి. శామ్ పేరు పక్కన చనిపోయాడని రాయాలి, చై సెటై అని కూడా రాయాలి. ఆ 75 ఇళ్లకు, ఎవరైనా మిగిలుంటే, మొదటిసారి నిజమైన చావు కబురు పంపాలి. కష్టంగానే ఉంటుంది. ఒకసారి పాతిపెట్టుకున్న బిడ్డ గురించి మళ్లీ వినడం ఎవరికి ఇష్టం? అయినా పంపాలనే అంటాను. ఈ విషయంలో మాత్రం నేను పూర్తిగా స్థిమితంగా లేను.

అలా సరిదిద్దితే గల్లంతు అన్న మాట నిజంగా ఆచూకీ తెలియని కొద్దిమంది పేర్ల పక్కనే మిగులుతుంది. కొద్దిమందే కాబట్టి వాళ్లకోసం ఓడలు పంపడం కుదురుతుంది. వాళ్లలో ఒకడు, ఆ 117, సగానికి విరిగిన ఓడలో, సాయం కోసం బీకన్ వదిలి, 2557 దాకా అలా కొట్టుకుపోతూనే ఉన్నాడు.